వంశాలు చెప్పే డోలు



2025 జూన్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, మణుగూరు మండలం, కూనవరం గ్రామంలో సకిని రామచంద్రయ్య కన్నుమూశారు. పేపర్లలో వార్త వచ్చింది. టీవీల్లో కింద పట్టీ మీద పేరు పోయింది. పద్మశ్రీ అన్నారు, కోయ డోలి కళాకారుడన్నారు, అంతే. మా రేగోడ్‌లో ఆ వార్త విన్న ఒక పెద్దమనిషి నన్ను సూటిగానే అడిగారు: "డోలు కొట్టెటాయనకు అంత పెద్ద బిరుదు ఎందుకిచ్చిన్రు సారూ? మన దగ్గర కొడ్తలేరా?"

అందులో వెటకారం ఏమీ లేదు. బీరప్ప పండుగకు ఒగ్గుడోలు, బోనాలకు డప్పు, పెండ్లి బారాత్‌కు మర్ఫా వింటూ పెరిగిన ఊరు మాది. మెదక్ జిల్లా పడమటి కొసన, అల్లాదుర్గ్‌కూ నారాయణఖేడ్‌కూ దగ్గరగా ఉండే మండలం. అక్కడ వాయించేవాళ్ళకు కొదవ లేదు. కాబట్టి ఆయన ప్రశ్న న్యాయమైనదే. జవాబు మాత్రం కొంచెం చుట్టు తిరిగి చెప్పాలి. మణుగూరు అడవుల దగ్గర మొదలుపెట్టి, ఆఫ్రికా పడమటి తీరం దాకా పోయి, మళ్ళీ మన వాడకే రావాలి.

ముందు డోలి సంగతి. కోయల్లో గట్లుంటాయి. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఇట్లా. ఒక్కో గట్టుకు కొన్ని ఇంటిపేర్లు, ఒక ఇలవేల్పు, ఆ వేల్పుకో కథ. పిల్లను ఇచ్చి పుచ్చుకోవాలంటే ఎదుటివాళ్ళది ఏ గట్టో తెలియాలి. ఒకే గట్టువాళ్ళయితే అన్నదమ్ముల వరస, సంబంధం కుదరదు. ఈ లెక్కంతా ఏ దఫ్తర్‌లోనూ రాసి లేదు. డోలీల నోట్లో ఉంది. వాళ్ళు కోయల్లోనే ఒక శాఖ. వేల్పులను కొలిచేటప్పుడు, చావు కర్మలప్పుడు, జాతరలప్పుడు వాళ్ళను పిలుస్తారు. పిలిస్తే వచ్చి, డోలు వాయిస్తూ ఆ ఇంటివాళ్ళ పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెడతారు. ఎవరి కొడుకు ఎవరు, ఏ వాగు దాటి ఎక్కడికి వచ్చారు, ఏ రాజుతో తగవు పడ్డారు, ఏ వేల్పు ఎక్కడ వెలిసింది. ముందర పడిగె విప్పుతారు. పడిగె అంటే మూడు మూలల పొడవాటి గుడ్డ జెండా. దాని మీద మనుషులు, జంతువులు, వేల్పుల బొమ్మలు వరసగా ఉంటాయి. కథ ఆ బొమ్మల వెంట నడుస్తుంది. చదువురాని మనిషి గుడ్డ మీది బొమ్మలను చూస్తూ గంటల తరబడి వంశవృక్షం చెబుతాడు. పక్కన కూర్చున్న ముసలివాళ్ళు తప్పు దొర్లితే ఊరుకోరు, అక్కడికక్కడే అందుకుంటారు.

డోలు ఇక్కడ పాటకు తోడు మాత్రమే కాదు. కథలో ఎక్కడ ఆగాలి, ఎక్కడ పేర్లు వడివడిగా రావాలి, ఏ వేల్పు పేరు రాగానే దరువు మారాలి అన్నది డోలు చేతిలో ఉంటుంది. వినేవాళ్ళకు కోయ మాట అర్థం కాకపోయినా, దరువు మారగానే పూనకం వచ్చేవాళ్ళకు వస్తుంది. అంటే ఇక్కడ వాయించడమూ చెప్పడమూ రెండు పనులు కావు. మన కచేరీల అలవాటుతో చూసి "గాయకుడా, వాద్యకారుడా" అని అడిగితే డోలి ఏమని చెబుతాడు?

రామచంద్రయ్య అట్లాంటి మనిషి. బడికి పోయి చదివిన చదువు కాదు ఆయనది, ఇంటి నుంచి వచ్చినది. కోయభాషలోనూ తెలుగులోనూ కథ నడిపించగలిగేవారు. సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్దరాజు కథ, గిరికామరాజు కథ ఆయన నోట ఉండేవి. 2022 జనవరి 25న పద్మశ్రీ జాబితా వచ్చినప్పుడు, తెలంగాణ నుంచి కళల విభాగంలో మూడు పేర్లున్నాయి. కిన్నెర మొగిలయ్య, కూచిపూడి నర్తకి పద్మజారెడ్డి, మూడో పేరు రామచంద్రయ్య. మొగిలయ్య పేరు అప్పటికే ఒక సినిమా పాటతో జనంలోకి పోయింది. రామచంద్రయ్య పేరు మాత్రం అడవి అంచు దాటి పెద్దగా వినిపించలేదు. కంచుమేళం, కంచుతాళం కళాకారుడని పత్రికలు రాశాయి.

ఆ మరుసటి నెలలోనే మేడారం జాతర. తాడ్వాయి మండలంలో, రెండేండ్లకోసారి, మాఘ పున్నమికి. మీలో చాలామంది పోయి ఉంటారు. బెల్లం తూకం వేసి బంగారమని మొక్కి వచ్చి ఉంటారు. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను, కన్నెపల్లి నుంచి సారలమ్మను తెస్తారు. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. మనం జంపన్నవాగులో మునిగి, గద్దెల దగ్గర తోపులాటలో ఏమీ వినం. వేల్పులు వచ్చేటప్పుడు వెంట డోలూ, ఊదే బూరా ఉంటాయన్నది లక్షల మందిలో ఎందరికి గుర్తు? కాకతీయ ప్రతాపరుద్రుడి కాలంలో, కరువు నడుమ కప్పం అడిగితే కోయలు తిరగబడ్డారన్న కథ మనకు సీడీల్లో, పాటల పుస్తకాల్లో దొరికింది. డోలీలు చెప్పే కథ అంతా దానిలాగే ఉండదని, పడిగెల మీది బొమ్మలు చెప్పే సంగతులు వేరుగా ఉంటాయని పరిశోధకులు చెబుతూ వచ్చారు. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటివారు ఊళ్ళు తిరిగి ఆ పడిగెలను, మూలపడ్డ వాద్యాలను పోగుచేశారు. వాద్యాన్ని గాజుపెట్టెలో పెట్టి దాచవచ్చు. దాన్ని పలికించే మనిషిని ఎక్కడ దాస్తాం?

ఇక ఆఫ్రికాకు పోదాం.

ఆ ఖండానికి పడమటి చివర, అట్లాంటిక్ సముద్రం ఒడ్డున సెనెగల్ అనే దేశం ఉంది. రాజధాని డాకర్. అక్కడ ఎక్కువమంది వోలోఫ్ భాష మాట్లాడతారు. వోలోఫ్ సమాజంలో పుట్టుకతో వచ్చే ఒక వృత్తికులం ఉంది, గెవెల్. ఫ్రెంచివాళ్ళు వాళ్ళను గ్రియో అన్నారు, ప్రపంచమంతా ఆ పేరే వాడుకలో ఉంది. వాళ్ళ పని ఏమిటో చెబితే మీకు కొత్తగా అనిపించదు. వంశాలు చెప్పడం, పెద్దల పేర్లు పొగడడం, పెళ్ళికి, పేరు పెట్టే రోజుకు, కుస్తీ పోటీలకు వాయించడం. పదమూడో శతాబ్దంలో మాలీ సామ్రాజ్యాన్ని నిలబెట్టిన సుండియాటా కేయిటా కథ ఇవాళ్టికీ బతికి ఉందంటే అది గ్రియోల నోటి పుణ్యమే. మన దగ్గర ఓరుగల్లులో రుద్రమదేవి ఏలిన శతాబ్దమూ అదే.

ఇంకో పోలిక కూడా ఉంది, అది చెప్పుకోవడానికి అంత బాగుండదు. గ్రియో లేకుండా పెద్దింటి శుభకార్యం జరగదు. కానీ గ్రియో పిల్లను పెద్దింటివాళ్ళు చేసుకోరు. అంతేకాదు, వాళ్ళను భూమిలో పాతిపెడితే పంటలు పండవని, వానలు రావని నమ్మేవారు. అందుకని గ్రియో చనిపోతే, బొజ్జలాంటి బోలు మాను ఉండే బావోబాబ్ చెట్టు తొర్రలో శవాన్ని పెట్టేవారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక, 1960 తర్వాత తొలి అధ్యక్షుడు సెంఘోర్ కాలంలోగానీ ఆ పద్ధతి ఆగలేదు. బతికినంతకాలం చెవులకు కావాలి, చచ్చాక మన్నుకు వద్దు. మన వాడల్లో డప్పు కొట్టేవాళ్ళ శ్మశానం ఎక్కడుంటుందో తెలిసినవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు.

ఆ కులంలో 1930 జూలై 28న డాకర్‌లో ఒక పిల్లవాడు పుట్టాడు. పేరు దూదూ న్‌దియాయ్. తల్లి పేరులోని రోజ్ కూడా కలిపి, దూదూ న్‌దియాయ్ రోజ్ అయ్యాడు. తండ్రి లెక్కలు రాసే ఉద్యోగి. కులవృత్తి వదిలి కలం పట్టిన ఇంట్లో కొడుకు మళ్ళీ డోలు పట్టుకుంటానంటే ఏమవుతుంది? మన దగ్గర ఏమవుతుందో అక్కడా అదే అయింది. తండ్రికి ఇష్టం లేదు. పిల్లవాడు బడి ఎగ్గొట్టి ఎక్కడ దరువు వినిపిస్తే అక్కడికి పోయేవాడు. బతకడానికి ప్లంబర్ పని నేర్చుకున్నాడు. పగలు పైపులు బిగించి, సాయంత్రం డోలు.

అతని వాద్యం సబార్. ఒకే దుంగను తొలిచి చేస్తారు. పైన మేకతోలు, అది జారకుండా మానులోకి దిగ్గొట్టిన మేకులు, వాటిని లాగి కట్టిన తాళ్ళు. వాయించేది ఒక చేత్తో, ఇంకో చేతిలో సన్నటి పుల్లతో. చేయి తోలు నడుమ పడితే ఒక పలుకు, అంచున పడితే ఇంకొకటి, పుల్ల చురుక్కుమని తగిలితే మరొకటి; చేయి తోలు మీద ఆనించి పుల్లతో కొడితే గొంతు నొక్కిన పలుకు. ఈ పలుకులను కూర్చి వాక్యాలే అల్లుతారు. మొదట నోటితో అన్న మాటను డోలు మీదికి ఎక్కిస్తారు. వినేవాళ్ళకు అది ఏ ఇంటిని పొగిడే మాటో తెలిసిపోతుంది. పాతకాలంలో ఊరి నుంచి ఊరికి కబురు కూడా దీనితోనే పంపేవారట. సబార్‌లలో పొట్టివి, పొడుగువి, బొజ్జవి, సన్నవి అన్నీ ఒక కుటుంబంలా ఉంటాయి. అన్నింటికంటే పొడుగ్గా సన్నగా ఉండేది న్‌దెర్, నాయకుడు పట్టుకునేది అదే.

దూదూ ఏం చేశాడంటే, డాకర్‌లో మాదా సెక్ అనే పెద్ద వాద్యకారుడి దగ్గర నేర్చుకుని అక్కడే ఆగిపోలేదు. దేశమంతా తిరిగాడు. ఏ ఊళ్ళో ఏ ముసలాయన దగ్గర ఏ దరువు ఉందో వెతుక్కుంటూ పోయాడు. ఆ దరువు ఎందుకు పుట్టింది, ఎప్పుడు కొట్టాలి, దానిలో మాట ఏమిటి అని అడిగి నేర్చుకున్నాడు. నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే, తర్వాత వచ్చిన పారిస్‌లూ న్యూయార్క్‌లూ కావు. పెద్ద వాద్యకారుడు కావడానికి వేళ్ళ వేగం చాలదు, పదిమంది ముసలివాళ్ళ మతిలో ఉన్నదంతా తన మతిలోకి తెచ్చుకోవాలి. ఆయన కొత్తగా కట్టిన దరువులు వందల్లో ఉంటాయంటారు. పాతవి అన్ని తెలిసినందుకే కొత్తవి కట్టగలిగాడు.

1959లో జోసెఫీన్ బేకర్ డాకర్ వచ్చింది. అమెరికాలో పుట్టి, పారిస్‌ను ఒక ఊపు ఊపిన నల్లజాతి నర్తకి. ఆమె ఈ కుర్రవాడి వాయింపు విని, నువ్వు చాలా పెద్దవాడివి అవుతావని చెప్పింది. మరుసటి ఏడు దేశానికి స్వాతంత్ర్యం. అధ్యక్షుడైన సెంఘోర్ స్వయంగా కవి. కళలు లేకుండా కొత్త దేశం ఏమిటన్న పట్టుదల ఉన్న మనిషి. జాతీయ నృత్యబృందం పెట్టారు, కళల విద్యాసంస్థ పెట్టారు, 1966లో డాకర్‌లో ప్రపంచ నల్లజాతి కళోత్సవం జరిపారు. అమెరికా నుంచి డ్యూక్ ఎలింగ్టన్ కూడా ఆ ఉత్సవానికి వచ్చాడు. దూదూ ఆ జాతీయ బృందంలో ప్రధాన వాద్యకారుడయ్యాడు. విద్యాసంస్థలో పాఠాలు చెప్పాడు. అంటే ఏమిటి? ప్లంబర్ పనితో పొట్ట పోసుకుంటున్న గ్రియోకు నెలనెలా జీతం వచ్చే డోలు ఉద్యోగం దొరికింది. శిష్యులు దొరికారు. వందమంది వాద్యకారులను ఒకేసారి నిలబెట్టి, వాళ్ళ ముందు నిలబడి, ఒళ్ళంతా కదిలిస్తూ, గాల్లోకి ఎగిరి పుల్లతో సైగ చేసి ఒక్క దెబ్బకు ఆపగలిగే నాయకత్వం అక్కడ తయారైంది. ఒంటరి వాద్యకారుడికి ఎంత ప్రతిభ ఉన్నా, వందమందిని నిలబెట్టే అవకాశం ఇంటి అరుగు మీద రాదు.

తర్వాత ఆడపిల్లలు. సబార్ మోతకు ఆడవాళ్ళు ఆడతారు, వీధిలో వలయం కట్టి వాళ్ళే పండుగ చేస్తారు. కానీ డోలు ముట్టకూడదు. దూదూ తన కూతుళ్ళతో, కోడళ్ళతో, మనవరాళ్ళతో ఒక బృందం కట్టి డోలు వాళ్ళ చేతికే ఇచ్చాడు. రోజ్ అన్న పేరు మీద వాళ్ళను రోజెట్లు అన్నారు. నలుగురు భార్యలు, నలభైమందికి పైగా పిల్లలు ఉన్న ఇల్లు కాబట్టి బృందానికి మనుషుల కొరత రాలేదు లెండి. ఆ కట్టుబాటు తెంచిన రోజున ఊళ్ళో ఎన్ని మాటలు పడి ఉంటాడో మనం ఊహించుకోవచ్చు.

1989 జూలై 14. ఫ్రెంచి విప్లవానికి రెండు వందల ఏండ్లు. పారిస్‌లో షాంజెలీజే రాజవీధిలో భారీ ఊరేగింపు. ఆ ఊరేగింపులో దూదూ తన వాద్యబృందంతో నడిచాడు. ఒకప్పుడు ఫ్రాన్స్ ఏలిన దేశపు గ్రియో ఆ దేశం నడివీధిలో దరువు వేశాడు. 1991లో గోరే దీవిలో యాభైమంది డోలు వాద్యకారులు, ఎనభైమంది గాయకులతో రికార్డింగు చేశారు. అది జబోతే అన్న ఆల్బంగా వచ్చింది. బానిసలను ఓడలెక్కించిన దీవిగా పేరుపడ్డ చోటు గోరే. మైల్స్ డేవిస్, రోలింగ్ స్టోన్స్, పీటర్ గాబ్రియేల్ వంటివాళ్ళతో కలిసి పనిచేశాడు. అవన్నీ ఏకరువు పెట్టను. ఆ దేశపు వార్తలకు ముందు వచ్చే సంకేత దరువు కూడా ఆయన కట్టిందే. 2006లో యునెస్కో పథకం కింద సజీవ మానవ నిధి అన్న గుర్తింపు వచ్చింది. 2015 ఆగస్టు 19న, ఎనభై అయిదేండ్ల వయసులో, డాకర్‌లోనే పోయాడు. కొడుకులు, కూతుళ్ళు, మనవలు వాయిస్తూనే ఉన్నారు.

ఇప్పుడు కూనవరానికి తిరిగి వద్దాం. పద్మశ్రీ వచ్చాక రామచంద్రయ్యకు అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024లో తరవాతి ప్రభుత్వం పద్మశ్రీ కళాకారులకు 25 లక్షల నగదు, నెలకు 25 వేల పింఛను ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు నెలనెలా పింఛనుంది, 2024 నుంచి అది నాలుగు వేలు. మంచిదే. ముసలితనంలో మందులకు, బువ్వకు డబ్బు కావాలి. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. కానీ గమనించండి, ఇదంతా మనిషికి ఇచ్చింది. ఆ మనిషి చేసే పనికి మనం ఏం ఇచ్చాం? డోలి మేష్టారని ఒక కొలువు ఉందా? ఆయన ముందు కూర్చుని కథ కంఠతా పట్టే పిల్లలకు నెలకు ఇంత అని ఉందా? సెనెగల్ దూదూకు ఇచ్చింది శాలువా కాదు, పని. అదీ ముప్పై ఏండ్ల వయసులో, చేతుల్లో సత్తువ ఉన్నప్పుడు. మనం ఇచ్చేది చివర్లో.

మనకు చేతకాక కాదు. శాస్త్రీయ సంగీతంలో మనమే చేసి చూపించాం. మృదంగం నేర్చుకునే పిల్లకు ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, సర్టిఫికెట్, డిప్లొమా ఉన్నాయి. ఆకాశవాణి ఆడిషన్ ఉంది, బి నుంచి టాప్ దాకా మెట్లున్నాయి. ఏలూరులో పుట్టిన నిడుమోలు సుమతి తండ్రి దగ్గర మృదంగం మొదలుపెట్టి, దండమూడి రామ్మోహనరావు దగ్గర నేర్చుకుని, ఆయననే పెళ్ళి చేసుకుని, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. మృదంగం మగవాళ్ళదే అనుకునే రోజుల్లో ఆమె అంతదూరం రావడం వెనక ఆమె సాధనతో పాటు ఆ మెట్లు కూడా ఉన్నాయి. తొమ్మిది మృదంగాలు ముందు పెట్టుకుని వాయించిన యెల్లా వేంకటేశ్వరరావు 2008లో పద్మశ్రీ అయ్యారు. ఆయనా తెలుగు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పినవారే. జానపదంలోనూ ఒకటీ అరా జరిగాయి. ఒగ్గుకథ చుక్క సత్తయ్యను వరంగల్‌లోని జానపద గిరిజన విజ్ఞానపీఠానికి పిలిచి పాఠాలు చెప్పించారు. ఆ దారి మంచిదని తెలిసీ, దాన్ని రోడ్డు చేయలేదు.

ఒక ఆక్షేపణ నాకు ఎదురవుతూ ఉంటుంది. వేల్పు ముందు పలకాల్సిన డోలును స్టేజీ ఎక్కిస్తే, బడిలో పెడితే, అది ఉత్త ఆట అయిపోతుందని. అందులో నిజం లేకపోలేదు. రాత్రంతా చెప్పే కథను సర్కారు సభలో ఐదు నిమిషాల్లో ముగించమంటారు, ముఖ్య అతిథి వచ్చేసరికి మధ్యలో ఆపేయమంటారు. మన రేడియోలో కూడా పదిహేను నిమిషాల కంటే ఎక్కువ దొరకదు, ఈ మాట ఇక్కడే కూర్చుని చెప్పుకోవాలి. కానీ దూదూ బతుకు చూస్తే నాకనిపించేది వేరు. ఆయన స్టేజీ ఎక్కాడు, అయినా డాకర్ వీధుల్లో పెళ్ళిళ్ళకు, పేర్లు పెట్టే పండుగలకు సబార్ మోగడం ఆగలేదు. స్టేజీ మీది డబ్బు వీధిలోని వాద్యకారుడి ఇంటిని నిలబెట్టింది. చెడ్డది స్టేజీ కాదు, ఐదు నిమిషాలు.

మా వాడ డప్పు దగ్గరికి వస్తాను. రేగోడ్‌లో ఎల్లమ్మ పండుగ పొద్దున చూడండి. రోడ్డు పక్కన ఎండుగడ్డి మంట వేసి, నలుగురు డప్పులు కాపుతుంటారు. గుండ్రటి కట్టె చట్రం మీద బిగించిన తోలు. వాన మబ్బు పడితే అది మెత్తబడి పలకదు. మంట మీద తిప్పుతూ, మధ్యమధ్య వేలితో టక్కుమని కొట్టి వింటారు. ఒకసారి నేను పక్కన నిలబడి, "ఇంకెంతసేపు కాకా?" అంటే, "ఆగు బిడ్డా, ఇంక తడిగనే పల్కుతున్నది, గిప్పుడు కొడితే నగుబాటు" అన్నాడు ఒకాయన. నాకు వినిపించింది ఒకటే మోత, ఆయనకు అందులో తడి వినిపించింది. కుడిచేతిలో పొట్టి లావుపాటి చిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. చిర్ర దరువు వేస్తుంది, సిటికెన పుల్ల దాని సందుల్ని నింపుతుంది. చావు దరువు వేరు, పెండ్లి దరువు వేరు, పోచమ్మ ముందు కొట్టేది వేరు, చాటింపు వేసేది వేరు. దూరంగా చేన్లో ఉన్న మనిషి కూడా ఊళ్ళో చావా, పండుగా అన్నది విని చెప్పగలడు. సెనెగల్ సబార్ కబురు మోసినట్టే ఇదీ మోసింది. ఎన్నో తరాలు వెట్టికి మోసింది. అందుకే చదువుకున్న మాదిగ బిడ్డలు కొందరు ఇక డప్పు ముట్టమన్నారు, ఇంకొందరు 1994లో దండోరా పేరుతోనే ఉద్యమం లేపి అదే డప్పును ముందు పెట్టుకుని నడిచారు. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద మోగిందీ అదే. రెండు దారులకూ కారణం ఉంది, ఏది సరైనదో బయటివాళ్ళం తీర్పు చెప్పే విషయం కాదు.

ఇంతకీ ఆఫ్రికా దరువు మనకు అంత దూరపుది కాదండోయ్. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అని బస్సు కండక్టర్ అరిచే పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు వచ్చిన ఆఫ్రికా సంతతి సిద్దీ సిపాయిల బస్తీ అది. వాళ్ళ పూర్వీకులది ఆఫ్రికా తూర్పు వైపు, దూదూది పడమర. సిద్దీలు, యెమెన్ నుంచి వచ్చిన బార్కస్ అరబ్బులు కలిసి పెంచింది మర్ఫా. ఆ మర్ఫాయే నగరం నుంచి మన ఊళ్ళ బారాత్‌లోకి వచ్చింది. తీన్‌మార్ పడగానే ఏ కులం పెండ్లి అని చూడకుండా అందరి కాళ్ళూ కదులుతాయి. ఇప్పుడు దాని చోట డీజే పెట్టెలు వచ్చి, ఇంటి కిటికీలు వణుకుతున్నాయి. డీజే అబ్బాయికి నేను శత్రువును కాను. అతనికీ పొట్ట ఉంది. కానీ డీజేకు ఇచ్చే డబ్బులో సగమైనా డప్పు మేళానికి ఇవ్వమంటే బేరాలాడే పెండ్లివారిని చాలామందిని చూశాను.

మనం చేయగలిగింది ఉంది, దానికి పెద్ద పథకం కనిపెట్టనక్కర లేదు. తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం పరిధిలో మన రాష్ట్రం ఉంది. ఇట్లాంటి మండల కేంద్రాలకు గురుశిష్య పరంపర అని ఒక పథకం ఉంది. గురువుకు, వెంట వాయించేవాళ్ళకు, నేర్చుకునే పిల్లలకు నెలనెలా భత్యం ఇస్తారు. దూదూకు దొరికిన మెట్టుకు ఇది చిన్న రూపం. మన మండలాల్లో ఒగ్గుడోలు గురువులు, డప్పు మేళగాళ్ళు ఎంతమందికి ఈ సంగతి తెలుసు? దరఖాస్తు రాసిపెట్టే చదువుకున్న పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. బడిలో సారువాళ్ళున్నారు.

ఇంకొకటి అందరూ చేయగలిగేది. మీ ఇంటి పెండ్లిలోనో, జాతరలోనో డప్పో డోలో మోగితే ఫోనులో వీడియో తీస్తారు కదా. తీసేటప్పుడు మేళం పెద్దను పక్కకు పిలిచి, ఈ దరువు పేరేమిటి, ఎప్పుడు కొడతారు, ఎప్పుడు కొట్టకూడదు, ఎవరి దగ్గర నేర్చుకున్నావు కాకా అని నాలుగు మాటలు అడిగి, అవి కూడా రికార్డు చేయండి. ఒక్కో దరువు విడివిడిగా, తొందరపెట్టకుండా కొట్టించండి. ఆయన పేరు, ఊరి పేరు, తారీఖు ఫోను ముందు చెప్పించండి. ఆయన టైముకు డబ్బులివ్వడం మరవకండి.